పిన్ని పెళ్ళి కేసెట్‌లో రంగు అబద్ధం, కుట్టు నిజం

వీడియోలో మాట్లాడిందే ఇక్కడ రాతలో పెడుతున్నాను. స్క్రీన్‌ మీద చూపించి వదిలేసిన చోట్ల కొంచెం ఎక్కువ రాశాను, అంతే తేడా.

మీ ఫోన్‌లో రెట్రో ఫిల్టర్‌ ఒకటి ఉండే ఉంటుంది. నొక్కగానే వీడియో పసుపు తిరుగుతుంది, అడ్డగీతలు వణుకుతాయి, కింద మూలన ఎప్పటిదో ఒక తేదీ మెరుస్తుంది. దానికి తోడు బుట్టచేతుల జాకెట్టు, జడలో కనకాంబరాలు, వెనకాల పాత పాట. అయిపోయింది, నైంటీస్‌ వచ్చేసింది. చూడ్డానికి బాగానే ఉంటుంది, నేను కాదనను. కానీ ఆ రోజుల్లో తీసిన అసలు పెళ్ళి కేసెట్‌ ఒకటి పక్కన పెట్టుకుని చూడండి. ఈ ఫిల్టర్‌ కాపీ కొట్టింది అప్పటి బట్టల్ని కాదు, అప్పటి టేపు లోపాల్ని అని తెలిసిపోతుంది. పసుపు లైటుది. వణుకు అరిగిన టేపుది. అప్పటి మనుషులు పసుపుగా ఏమీ లేరు!

ఈ ఎపిసోడ్‌లో విషయం ఇదే. పాత ఇంటి వీడియోల్లోంచి అప్పటి ఫ్యాషన్‌ని మళ్ళీ పట్టుకోవాలంటే అందులో దేన్ని నమ్మొచ్చు, దేన్ని నమ్మకూడదు. వీడియో ఛానల్‌ పెట్టకముందు నేను ఉద్యోగంలో చేసింది వీడియో ప్లేయర్ల పనే కాబట్టి టెక్నికల్‌ భాగం కొంచెం సాగుతుంది, ఓపిక పట్టండి. బట్టల భాగం నాది కాదు, మా పెద్దమ్మ చెప్పింది. ఆవిడ సంగతి తర్వాత వస్తుంది.

ఇదంతా మొదలైంది మా చెల్లి వల్ల. చెల్లి అంటే మా పిన్ని కూతురు. వచ్చే మాఘమాసంలో పెళ్ళి. 1996లో రాజమండ్రిలో పిన్ని పెళ్ళి జరిగింది, ఆ రిసెప్షన్‌లో పిన్ని కట్టుకున్న పట్టుచీర లాంటిదే తనకీ కావాలంది. అసలు చీర ఉంది. అమ్మమ్మ గారింట్లో ట్రంకుపెట్టెలో ఉంది, కానీ కట్టుకునే స్థితిలో లేదు. ఇన్నేళ్ళూ ఒకే మడత మీద ఉండిపోయి మడతల వెంట పట్టు చిట్లిపోయిందని అమ్మమ్మ ఎప్పుడో చెప్పింది. చెల్లి ఉండేది బెంగళూరులో. ఆ చీరని తను చూసిందల్లా టీవీలోనే. కాబట్టి డిజిటల్‌ చేయించిన ఫైల్‌లోంచి ఒక స్క్రీన్‌షాట్‌ తీసి, ధర్మవరంలో మగ్గం మీద నేయించి ఇచ్చేవాళ్ళకి పంపింది. స్క్రీన్‌షాట్‌లో ఉన్నది కాఫీపొడి రంగు చీర, బూడిద తిరిగిన ఆకుపచ్చ అంచు. వాళ్ళు ధర చెప్పారు, సగం అడ్వాన్స్‌ అడిగారు. ఆర్డర్‌ మీద నేసిన చీరని నచ్చలేదని వెనక్కి ఇవ్వలేం కదా. డబ్బు పంపే ముందు ఆ ఫోటో నాకు ఫార్వర్డ్‌ చేసి "అన్నయ్యా, క్లియర్‌గానే ఉందా?" అని అడిగింది.

క్లియర్‌గానే ఉంది. కానీ హాలోజన్‌ లైటు కింద తీసిన వీడియోలో రంగుని నేనైతే నమ్మను. పెట్టె తెరిపించమన్నాను. తీసి చూస్తే అది నేరేడుపండు రంగు చీర, చిలకపచ్చ అంచు.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచింది చీర కాదు, పిన్ని. చీర ఫోటో పంపితే పిన్ని కూడా "ఇది కాదురా, నాది కాఫీ రంగు" అంది! చీర దాదాపు ముప్ఫై ఏళ్ళుగా పెట్టెలో ఉంది. కేసెట్‌ మాత్రం చుట్టాలు వచ్చినప్పుడల్లా వేసుకుని చూశారు. చూసీ చూసీ, తను ఒంటి మీద కట్టుకున్న చీర రంగు పోయి టీవీలో కనిపించిన రంగే గుర్తుండిపోయింది. వీడియో లేకపోతే పిన్నికి అసలు రంగే గుర్తుండేదేమో అనిపించింది నాకు.

సరే, ఎందుకిలా జరుగుతుందో చూద్దాం.

ముందు కాలం సంగతి. వీహెచ్‌ఎస్‌ అనే కేసెట్‌ పద్ధతిని జపాన్‌ కంపెనీ జేవీసీ 1976లో మార్కెట్‌లోకి తెచ్చింది. మన దగ్గర దూరదర్శన్‌కి రంగులు వచ్చిందే 1982లో, ఢిల్లీ ఏషియన్‌ గేమ్స్‌ ఏడాది. ఆ తర్వాతే వీసీఆర్‌ అద్దెకి తెచ్చి రాత్రంతా మూడు సినిమాలు చూడటం, పెళ్ళికి వీడియో పెట్టించడం మొదలయ్యాయి. మొదట్లో డబ్బున్న ఇళ్ళలో, తొంభైల్లోకి వచ్చేసరికి మధ్యతరగతి ఇళ్ళలో కూడా. కాబట్టి ఒకటి గుర్తుపెట్టుకోండి: బెల్‌బాటమ్‌ ప్యాంట్లు మీ ఇంటి కేసెట్‌లో దొరకడం కష్టం. అవి డెబ్భైల సరుకు, ఆల్బమ్‌ ఫోటోల్లో వెతకాలి. కేసెట్‌లో మీకు దొరికేది ఎనభైల చివర నుంచి రెండువేల మొదటివరకు. నడుం పైకి కట్టి ముందు ప్లీట్స్‌ పెట్టిన బ్యాగీ ప్యాంటు, ఆఫీసర్‌ మావయ్యల సఫారీ సూటు, పంజాబీ డ్రెస్‌ అని పిలిచే చుడీదార్‌, తొంభైల చివర్లో కాలేజీ కుర్రాళ్ళ ప్యారలల్‌ ప్యాంటు. అన్నీ ఒకే "నైంటీస్‌" కాదు. 1989కీ 1999కీ చాలా దూరం.

ఇప్పుడు రంగు. అప్పట్లో రిసెప్షన్‌ అంటే కెమెరామ్యాన్‌ పక్కనే ఒక కుర్రాడు హాలోజన్‌ లైటు పట్టుకుని, వైరు లాక్కుంటూ తిరిగేవాడు. ఆ లైటు ముందు నిలబడితే ముఖం మాడిపోయేది. దాని వెలుగు 3200 కెల్విన్‌ దగ్గర ఉంటుంది, అంటే నారింజ వైపు. పగటి వెలుగు దాదాపు 5600 కెల్విన్‌, నీలం ఎక్కువ. మన కళ్ళు ఈ తేడాని సర్దుకుంటాయి, తెల్లకాగితం రెండు చోట్లా తెల్లగానే కనిపిస్తుంది. కెమెరాకి మాత్రం మనం చెప్పాలి, దాన్నే వైట్‌ బ్యాలెన్స్‌ అంటారు. పొద్దున ఎండలో గౌరీపూజకి సెట్‌ చేసింది రాత్రి మార్చకపోతే బొమ్మ మొత్తం నారింజలో మునుగుతుంది. నేరేడు రంగు అంటే ఎరుపూ నీలమూ కలిసినది. నీలం తగ్గిపోతే ఏం మిగులుతుంది? ఎరుపు కలిసిన గోధుమ. అదే మన కాఫీపొడి. చిలకపచ్చకీ అదే గతి, మసకబారి బూడిద తిరిగింది.

ఇది కెమెరా చేసే అబద్ధం. టేపు చేసే అబద్ధం ఇంకోటి ఉంది. టీవీ సిగ్నల్‌లో వెలుగునీడలు ఒక భాగం, రంగు ఇంకో భాగం. వీహెచ్‌ఎస్‌లో ఈ రెండిటికీ సమానంగా చోటు లేదు. మన పాల్‌ పద్ధతిలో 4.43 మెగాహెర్ట్జ్‌ దగ్గర ఉండాల్సిన రంగు సిగ్నల్‌ని కిందికి దించి 627 కిలోహెర్ట్జ్‌ దగ్గర ఇరికిస్తారు. ఫలితం: వెడల్పులో వెలుగునీడల వివరం సుమారు 240 గీతల వరకు వస్తే, రంగు వివరం 40 దగ్గరే ఆగిపోతుంది. సన్నటి ముగ్గు వేసి, అందులో లావుపాటి బ్రష్‌తో రంగులు నింపారనుకోండి. గీత సరిగ్గానే ఉంటుంది, రంగు మాత్రం గీత దాటి పారుతుంది. ఎరుపు మరీ ఎక్కువ పారుతుంది. మీ ఇంటి కేసెట్‌లో ఎర్రంచు తెల్లచీర ఉంటే చూడండి, అంచు పక్కన తెలుపంతా గులాబీగా ఉంటుంది.

దాన్ని కాపీ తీస్తే ఇంకా తమాషా. మగపెళ్ళివాళ్ళకి ఒకటి, ఆడపెళ్ళివాళ్ళకి ఒకటి, అమెరికా బాబాయికి ఒకటి. టేపు నుంచి టేపుకి ఎక్కించిన ప్రతిసారీ రంగు కొంచెం కుడికీ కిందికీ జరుగుతుంది. మా దగ్గరున్న కాపీలో పిన్ని కుంకుమబొట్టు ఎరుపు, బొట్టు మీద కాకుండా దాని పక్కన కుడి కనుబొమ మీద ఉంటుంది! అందుకే మీ బంధువుల్లో ఎవరి దగ్గర మొదటి కేసెట్‌ ఉందో ముందు కనుక్కోండి. ఎన్ని సాఫ్ట్‌వేర్లు వాడినా మూడో కాపీని మొదటిదిగా చెయ్యలేం.

జరీ గురించి కూడా ఒక మాట. 240 గీతల వివరంలో సన్నటి జరీ బుటా పడదు. బుటా ఉన్నచోట తెల్లటి మెరుపు మాత్రమే ఉంటుంది. అంచులో సన్నటి అడ్డగీతలుంటే అవి మిణుకుమిణుకుమంటాయి, ఎందుకో ముందు ముందు చెప్తాను. కాబట్టి చీర డిజైన్‌ కోసం వీడియో, రంగు కోసం వీడియో, రెండూ వద్దు. వాటికి చీరే సాక్షి. చీర లేకపోతే జాకెట్టు ముక్క, అదీ లేకపోతే ప్రింటు ఫోటో, అదీ వెలిసిపోయి ఉంటుంది గానీ టేపు కంటే నయం.

మరి వీడియో దేనికి? అసలు నాకు నచ్చే భాగం ఇదే.

ఫోటోలో అందరూ నిలబడి ఉంటారు. "ఆ, ఇటు చూడండి" అంటే సర్దుకుంటారు. పైట లాక్కుంటారు, జుట్టు దువ్వుకుంటారు. వీడియోలో మొదటి పది సెకన్లే అలా. తర్వాత కెమెరాని మర్చిపోతారు. ఇక అప్పుడు బట్ట ఎలా ప్రవర్తిస్తుందో తెలుస్తుంది. జార్జెట్‌ చీర కట్టుకున్న అత్త వడ్డిస్తూ వంగితే పైట ఎలా జారుతుందో, దాన్ని మోచేత్తో ఎలా ఆపుతుందో. సింథటిక్‌ చొక్కా వేసుకున్న మావయ్యకి చెమట పట్టి వీపుకి ఎలా అతుక్కుందో. ఇస్త్రీ అక్కర్లేదు, రంగు పోదు, ఆరేస్తే గంటలో ఆరిపోతుంది అని పాలియెస్టర్‌ని అందరూ ఎగబడి కొన్నారు. 1985 జౌళి విధానం మిల్లుల్లో ఏ నూలుతో ఏది కలుపుకోవాలన్నా స్వేచ్ఛ ఇచ్చింది, సింథటిక్‌ బట్ట మామూలు ఇళ్ళలోకి వచ్చేసింది. కానీ మే నెల రాజమండ్రిలో అది ఒంటి మీద ఎలా ఉండేదో ఏ ప్రకటనలోనూ చూపించరు. పెళ్ళి కేసెట్‌లో చూపిస్తారు.

సినిమా బట్టలకీ ఇంటి బట్టలకీ మధ్య ఏం జరిగిందో కూడా ఇక్కడే దొరుకుతుంది. 1994లో వచ్చిన 'హమ్‌ ఆప్కే హై కౌన్‌' తెలుగులో 'ప్రేమాలయం'గా వచ్చింది. అందులో మాధురీ దీక్షిత్‌ ఊదారంగు చీర దేశమంతా కాపీ అయింది. సినిమాలో దానికి వెనక వీపు దాదాపు మొత్తం తెరిచిన జాకెట్టు. మా కేసెట్‌లో ఆ చీర లాంటివి నాలుగు లెక్కపెట్టాను. నాలుగిటికీ జాకెట్టు వెనక మెడ నాలుగైదు అంగుళాలు మించి దిగలేదు. ఒకావిడైతే దాని మీద పైట తిప్పి భుజం మొత్తం కప్పేసుకుంది. చీర ముంబై నుంచి వచ్చింది, జాకెట్టు మాత్రం అత్తగారు ఏమంటారో చూసుకుని కుట్టించుకున్నారు. ఫ్యాషన్‌ చరిత్ర అంటే నాకు ఈ నాలుగు అంగుళాల బేరమే. 2018లో 'మహానటి'కి పాత సినిమాల్లోంచి, ఫోటోల్లోంచి సావిత్రి బట్టల్ని మళ్ళీ తయారుచేసి కాస్ట్యూమ్స్‌కి జాతీయ అవార్డు కూడా తెచ్చుకున్నారు, గొప్ప పని. కానీ అది ఒక హీరోయిన్‌ బీరువా. మా వీధిలో ఎవరు ఏం కట్టుకున్నారో దాచింది ఆ వీడియో షాపు కెమెరామ్యానే, ఆయనకి ఆ సంగతి తెలియదు.

బుట్టచేతులే తీసుకోండి. రీల్స్‌లో బుట్టచేతులు రోజంతా బెలూన్‌లా నిలబడి ఉంటాయి. మా కేసెట్‌లో పెళ్ళికొచ్చిన అమ్మాయిల చేతులు పొద్దున స్నాతకం టైముకి అలాగే ఉన్నాయి. మధ్యాహ్నం భోజనాల దగ్గరికొచ్చేసరికి సగం వాలిపోయాయి. రాత్రికి పూర్తిగా చప్పబడ్డాయి. ఎందుకని పెద్దమ్మని అడిగాను.

పెద్దమ్మ ఎందుకంటే, ఆ పెళ్ళిలో కనిపించే జాకెట్లలో మా ఇంటివన్నీ ఆవిడ కుట్టినవే. ఇప్పుడు కూడా వరండాలో అదే ఉషా మిషను ఉంది. ఆవిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే: "బుట్ట నిలబడాలంటే చెయ్యి పైభాగం మూడంగుళాలు ఎక్కువ పెట్టి కత్తిరించాలి రా. ఆ ఎక్కువ గుడ్డంతా భుజం మీద కుచ్చులు పోసి కుట్టాలి. టూ బై టూ రూబియా అయితే గంజి పెడితే నిలుస్తుంది. చెమట పడితే గంజి పోతుంది, బుట్ట పడుతుంది. పాలియెస్టర్‌లో అసలు నిలబడదు, లోపల కాన్వాస్‌ ముక్క వెయ్యాలి. మీ అమ్మకి వేశాను చూడు." వెళ్ళి చూశాను. నిజమే, రాత్రి వరకు నిలబడిన చేతులు మా అమ్మవి మాత్రమే. ఫైల్‌ని ఎన్నోసార్లు చూసిన నాకు కనిపించనిది ఆవిడకి మిషను దగ్గర కూర్చునే తెలుసు.

ఇన్ని జాకెట్లు కుట్టిన పెద్దమ్మ ఆ వీడియోలో ఎక్కడుంది? వెతికాను. మూడు గంటల కేసెట్‌లో 11 సెకన్లు ఉంది. వంటల పందిరి దగ్గర, చేతిలో కాఫీ గ్లాసుల పళ్ళెం. లేత రంగు వాయిల్‌ చీర, మామూలు చేతుల జాకెట్టు, ముడిలో పూలు లేవు. కెమెరా తన వైపు తిరగ్గానే స్తంభం వెనక్కి తప్పుకుంది. పెదనాన్న పోయి అప్పటికి రెండేళ్ళు. ఆవిడకి 34 ఏళ్ళు. అంతకు నాలుగేళ్ళ ముందు ఒక ఫోటోలో అందరికంటే పెద్ద బుట్టచేతులు ఆవిడవే, జడ నిండా కనకాంబరాలు. మిషను కుట్టడం నేర్చుకున్నది మాత్రం పెదనాన్న పోయాకే, ఇల్లు గడవడం కోసం. చెల్లెలి పెళ్ళికి ఊళ్ళో అమ్మాయిలందరికీ బుట్టలు పెట్టింది.

"నైంటీస్‌ ఫ్యాషన్‌" అని మనం ముద్దుగా అనుకునేటప్పుడు ఆ ఫ్యాషన్‌ ఎవరికి ఉండేది, ఎవరికి ఉండేది కాదు అన్నది ఏ ఫిల్టర్‌లోనూ రాదు. కెమెరామ్యాన్‌ దాచాలనుకోలేదు, చూపించాలనుకోలేదు. పక్కకి తిప్పాడు, పడింది. ఆ 11 సెకన్లు మీకు ఈ ఎపిసోడ్‌లో చూపించలేదు. అడిగాను. "వద్దురా" అంది. కాబట్టి లేదు. మీరు కూడా పాత వీడియోలు ఆన్‌లైన్‌లో పెట్టేముందు అందులో ఉన్నవాళ్ళని అడగండి. పెళ్ళికి వచ్చినప్పుడు వాళ్ళు ఒప్పుకున్నది ఒక ఇంటి టీవీకి, లక్షమంది ఫోన్లకి కాదు.

మళ్ళీ చెల్లి దగ్గరికి. రంగు తేలిపోయింది. జాకెట్టు మాత్రం అసలుది మిగల్లేదు, ఎవరికో ఇచ్చేశారు. కాబట్టి కొలతలు వీడియో నుంచే తీయాలి. ఇక్కడ ఇంజనీరింగ్‌ కాస్త పనికొచ్చింది.

ముందుగా ఫైల్‌ సరిగ్గా ఉండాలి. మాకు డిజిటల్‌ చేసిచ్చిన షాపు వాళ్ళు (పేరు అనవసరం) రెండు పనులు చేశారు. ఒకటి, వీడియోని పక్కలకి సాగదీసి వెడల్పు టీవీకి నింపారు. పాత బొమ్మ 4:3, ఇప్పటి స్క్రీన్‌ 16:9. సాగదీస్తే ప్రతిదీ మూడో వంతు లావవుతుంది. 18 అంగుళాల షోల్డర్‌ 24 అంగుళాల్లా కనిపిస్తుంది! అప్పట్లో బట్టలన్నీ అంత వదులుగా ఉండేవా అని ఆశ్చర్యపోయే ముందు మీ ఫైల్‌లో మనుషుల ముఖాలు చూడండి. అందరూ బూరెల్లా ఉంటే తప్పు టైలర్‌ది కాదు.

రెండోది, కదలికని సగం పారేశారు. పాల్‌ వీడియోలో సెకనుకి 25 ఫ్రేములు అంటారు గానీ, ఒక్కో ఫ్రేములో రెండు సగాలు ఉంటాయి. ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు. ఆ రెండు సగాలూ రెండు వేర్వేరు క్షణాల్లో తీసినవి. అంటే సెకనుకి 50 క్షణాలు. అంచులో సన్నటి అడ్డగీత ఒక సగంలో ఉండి రెండో సగంలో లేకపోవడం వల్లే మిణుకుమంటుంది. మార్చేటప్పుడు ఈ రెండు సగాల్ని కలిపి పూసేస్తే పైట ఎగిరినచోట దువ్వెన పళ్ళలా గీతలైనా వస్తాయి, లేదా పొగలా మసకబారుతుంది. సరిగ్గా చేస్తే సెకనుకి 50 పూర్తి బొమ్మలు వస్తాయి, కదలిక నిజంలా ఉంటుంది.

కాబట్టి మళ్ళీ ఇంట్లోనే చేశాం. పనిచేసే వీసీఆర్‌ దొరకడమే కష్టం. ఆఖరి వరకు వాటిని తయారుచేసిన జపాన్‌ కంపెనీ ఫునాయ్‌ 2016 జులైలో ఆపేసింది, కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ సెకండ్‌ హ్యాండ్‌. వీసీఆర్‌ వెనక పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు ఉంటాయి. పసుపు బొమ్మకి, మిగతావి శబ్దానికి. వాటిని యూఎస్‌బీ క్యాప్చర్‌ పరికరానికి కలిపి, అది ల్యాప్‌టాప్‌కి. సాఫ్ట్‌వేర్‌ ఓబీఎస్‌ స్టూడియో అయినా, వర్చువల్‌డబ్‌ అయినా ఉచితమే. క్యాప్చర్‌ చేసేటప్పుడు సగాల్ని కలపమని చెప్పకండి, అలాగే తెచ్చుకుని తర్వాత ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో బీడబ్ల్యూడిఫ్‌ అనే ఫిల్టర్‌ వెయ్యండి, 50 బొమ్మలూ వస్తాయి. ఫైల్‌ 720×576 ఉంటుంది. దాన్ని 768×576కి మారిస్తే మనుషులు మనుషుల్లా ఉంటారు. మూడు గంటల టేపు ఎక్కాలంటే మూడు గంటలూ పడుతుంది, ఫాస్ట్‌ఫార్వర్డ్‌ లేదు. పెట్టేసి అన్నం తినండి.

ఇప్పుడు కొలత. పిన్ని కెమెరా వైపు నేరుగా తిరిగి, చెయ్యి కిందికి వదిలి నిలబడిన ఫ్రేము ఒకటి పట్టుకున్నాను. భుజం మీద పడిన చీర అంచు, జాకెట్టు చెయ్యి రెండూ కెమెరాకి ఒకే దూరంలో ఉన్నాయి. అంచు వెడల్పు చీర మీద టేపు పెట్టి కొలిస్తే 4 అంగుళాలు. స్క్రీన్‌ మీద అదే అంచు 32 పిక్సెళ్ళు. అంటే అంగుళానికి 8. చెయ్యి పొడవు 72 పిక్సెళ్ళు, కాబట్టి 9 అంగుళాలు. ఎంత గర్వంగా ఫోన్‌ చేశానో. పెద్దమ్మ అంతా విని, "తొమ్మిదే. కింద మడతకి ఇంకో అంగుళం పెట్టు. దీనికి కంప్యూటర్‌ ఎందుకురా, మోచేతి మీదికి రెండు వేళ్ళు అని చెబితే సరిపోదా" అంది.

ఒంటరి ఫ్రేము మీద ఈ లెక్క వెయ్యొద్దు, మూడు నాలుగు ఫ్రేముల్లో వేసి చూడండి. చెయ్యి కొంచెం వెనక్కి ఉన్నా పొట్టిగా వస్తుంది. వీపు మెడ లోతు కోసం మన దగ్గర ఒక గొప్ప అలవాటు ఉంది: పూలజడ వేసినప్పుడు వెనక్కి తిప్పి తీయడం. ఆ జడ చూపించే షాట్‌లో జాకెట్టు వెనకభాగం, ముడులు, కుచ్చుల తాళ్ళు, అన్నీ తీరిగ్గా కనిపిస్తాయి. ప్రతి పెళ్ళి కేసెట్‌లో ఆ షాట్‌ ఉంటుంది. మా దాంట్లో 40 సెకన్లు ఉంది, కెమెరామ్యాన్‌కి దండం.

ఒక్క బాధ, శబ్దం. ఆ రోజుల్లో ఎడిటింగ్‌ అంటే మొత్తం మాటలు తీసేసి సినిమా పాటలు ఎక్కించడమే. గాజుల చప్పుడు, పట్టుచీర గరగర, అమ్మమ్మ ఎవర్నో తిట్టడం, అంతా పాట కింద పోయింది. ఎడిట్‌ చెయ్యని టేపు గనక మీ ఇంట్లో ఉంటే అది ఎడిట్‌ చేసిన దానికంటే విలువైనది.

కేసెట్‌ తీశాక గబుక్కున వీసీఆర్‌లో పెట్టేయకండి. ముందు కిటికీలోంచి చుట్ట చూడండి. టేపు మీద తెల్లటి పొడి, చుక్కలు కనిపిస్తే అది ఫంగస్‌. గోదావరి, కృష్ణా జిల్లాల తేమలో ఇది మామూలే. అలాంటిది పెడితే వీసీఆర్‌ హెడ్‌కి అంటుకుంటుంది, తర్వాత పెట్టిన మంచి కేసెట్‌కి కూడా పడుతుంది. అది శుభ్రం చేయించాకే పెట్టాలి. మంచిగా ఉంటే మొదట ఒకసారి చివరివరకు ఫాస్ట్‌ఫార్వర్డ్‌ చేసి మళ్ళీ వెనక్కి చుట్టండి. లోపల ఉన్నది అరంగుళం వెడల్పు, పావు కిలోమీటరు పొడవు రిబ్బను, ఏళ్ళ తరబడి కదలకుండా అతుక్కుని ఉంటుంది. ఇంకోటి, కేసెట్‌ వీపు మీద ఎడమ మూలన చిన్న ప్లాస్టిక్‌ పెచ్చు ఉంటుంది. అది విరిచేసి ఉంటే దాని మీద రికార్డు అవ్వదు. విరవకుండా ఉంటే ముందు అది విరిచేయండి. చాలా ఇళ్ళలో పెళ్ళి మధ్యలో ఉన్నట్టుండి వన్డే మ్యాచ్‌ రావడానికి కారణం ఆ పెచ్చే. విరిచిన చోట సెల్లోటేపు అంటించి ఉంటే, అప్పటికే ఎవరో ఏదో ఎక్కించారన్నమాట, చివరివరకు చూడండి, చివర్లో ఏమైనా మిగిలి ఉండొచ్చు.

చెల్లి చీర మగ్గం మీద ఉంది. నేరేడు రంగు నూలు శాంపిల్‌ని పగటి వెలుగులో, పెట్టెలోని చీర పక్కన పెట్టి చూసి ఓకే చేశాం. జాకెట్టు పెద్దమ్మ కుడుతోంది. బుట్టలోకి కాన్వాస్‌ వేస్తానంది.

వచ్చే ఎపిసోడ్‌లో వీహెచ్‌ఎస్‌ తర్వాత వచ్చిన మినీ డీవీ కేసెట్లు. అందులో రంగు బాగుంటుంది, కానీ వేరే గొడవలున్నాయి. ఉంటానండి.